వ్యసనం: ఒక మాట, రెండు అర్థాలు

తెలుగులో 'వ్యసనం' అనే మాటకు రెండు అర్థాలున్నవి. మొదటిది దుఃఖం, ఆపద. 'వ్యసనపడుట' అంటే విచారించుట. రెండవది విడువరాని దురలవాటు. జూదం, పానం, వేట మున్నగు వాటిని మన పూర్వులు సప్తవ్యసనాలుగా లెక్కించారు. ఉర్దూలోనూ ఇట్టి పలుకుబడి ఒకటి ఉన్నది. దుఃఖాన్ని మరచుటకు మద్యాన్ని ఆశ్రయించుటను 'గమ్ గలత్ కర్నా' అంటారు. అనగా దుఃఖాన్ని 'తప్పు' చేయుట. దుఃఖానికీ దురలవాటుకూ గల ఈ బాంధవ్యం మాకు చిరకాలం కేవలం శబ్దార్థ విశేషంగానే తోచినది. దానిలో శరీరశాస్త్ర సత్యం ఉన్నదని తెలియజేసినవాడు మా విద్యార్థి ఒకడు.

అతడు ముందువరుసలో కూర్చొనేవాడు. ఛందస్సులో దిట్ట. తండ్రి జబ్బుపడి, ఇంటిమీద అప్పులు పడిన ఏడాది, మత్తు కలిగించే నొప్పిమాత్రలకు అలవాటుపడ్డాడు. విషయం తెలిసి పిలిపించగా ఇట్లా అన్నాడు: "సార్, మొదట్లో దాంతో హాయిగా ఉండేది. ఇప్పుడు హాయి ఏమీ లేదు. కాని అది లేకపోతే మనిషిని కాలేను." మేము ధర్మబోధ చేశాము. మత్తును గురించి ఖురాన్ ఏమన్నదో, నీతిశతకాలు ఏమన్నవో వినిపించాము. అతడు తల వంచుకొని విన్నాడు. మరునాటి నుండి తరగతికి రాలేదు. మేము చెప్పినది అసత్యం కాదు. కాని అతడు చెప్పినది మేము వినలేదు. హాయి లేని వస్తువును మనిషి ఎందుకు కోరుతాడు? ఆ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ మేము చదివినదాని సారమే ఈ వ్యాసం. మేము శాస్త్రజ్ఞులము కాము. పాఠకులు ఈ సంగతి గుర్తుంచుకొన ప్రార్థన.

ఎలుకలు నేర్పిన పాఠం

1954లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో, మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో, జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ అనే పరిశోధకులు ఎలుక మెదడులో సన్నని తీగను అమర్చి స్వల్ప విద్యుత్తును ప్రసరింపజేశారు. ఏ మూల ఉండగా విద్యుత్తు సోకినదో ఎలుక ఆ మూలకే మరల మరల రాసాగినది. మీటను నొక్కి తనంతట తానే విద్యుత్తును పొందే ఏర్పాటు చేయగా, గంటకు వందల పర్యాయాలు, కొన్ని సందర్భాలలో వేల పర్యాయాలు నొక్కినది. తరువాతి ప్రయోగాలలో ఆకలిగొన్న ఎలుకలు ఆహారాన్ని సైతం విడిచి మీటనే పట్టుకొన్నవి. మెదడులో 'ఆనంద కేంద్రం' దొరికినదని లోకం సంబరపడినది.

అయితే సంగతి అంత సులభం కాదని తేలినది. మధ్యమెదడులోని కొన్ని కణాల నుండి న్యూక్లియస్ అకంబెన్స్ అనే చిన్న భాగానికి పోయే నాడీమార్గం ఒకటి ఉన్నది. దీనిని ప్రతిఫల మార్గం అనవచ్చు. ఇందులో వార్తాహరునివలె పనిచేసే రసాయనం డోపమిన్. మెదడులో దీనికి స్వతంత్రమైన పాత్ర ఉన్నదని 1950ల చివర నిరూపించిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఆర్విడ్ కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి లభించినది. 1990లలో వుల్ఫ్రమ్ షుల్ట్జ్ కోతులకు పండ్లరసం ఇస్తూ ఈ కణాలను పరీక్షించాడు. తొలుత రసం నాలుకకు తగిలినపుడు కణాలు స్పందించినవి. దీపం వెలిగిన పిమ్మట రసం వస్తుందని కోతి నేర్చుకొన్న తరువాత, కణాలు దీపానికే స్పందించినవి, రసానికి కాదు. దీపం వెలిగి రసం రాకపోతే, సరిగ్గా రావలసిన క్షణంలో కణాలు మౌనం వహించినవి. అనగా డోపమిన్ ఆనందం కాదు. ఆనందాన్ని గురించిన నిరీక్షణ, ఆ నిరీక్షణ ఫలించినదా లేదా అన్న లెక్క.

అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన కెంట్ బెరిడ్జ్ మరొక అడుగు ముందుకు వేశాడు. కోరుట వేరు, ఇష్టపడుట వేరు. రెండింటికీ మెదడులో వేర్వేరు ఏర్పాట్లున్నవని అతని సిద్ధాంతం. మత్తుపదార్థాలు కోరికను పెంచుతూ పోతాయి. ఇష్టం మాత్రం పెరగదు, పైగా తగ్గవచ్చు. మా విద్యార్థి రెండు వాక్యాలలో చెప్పినది ఇదే.

నషా, ఖుమార్

మత్తుపదార్థాలన్నీ ఒకే ద్వారం గుండా ప్రవేశించవు. కొకైన్, విడుదలైన డోపమిన్‌ను కణం తిరిగి లోనికి తీసుకొనకుండా అడ్డుకొంటుంది. ఆంఫెటమిన్ దానిని బలవంతాన బయటికి నెట్టుతుంది. పొగాకులోని నికోటిన్ కణాలను నేరుగా ప్రేరేపిస్తుంది. నల్లమందు జాతివి డోపమిన్ కణాలను అదుపుచేసే కావలికణాలను నిద్రపుచ్చుతాయి. ఈ నల్లమందుకు మెదడులో తాళపుకప్పలవంటి గ్రాహకాలున్నవని 1973లో తేలినది. వాటికి సరిపడు సహజమైన తాళపుచెవులు, ఎన్‌కెఫలిన్లు, శరీరంలోనే తయారవుతున్నవని 1975లో స్కాట్లాండులోని అబర్డీన్‌లో హ్యూస్, కాస్టర్లిట్జ్ అనువారు కనుగొన్నారు. ప్రకృతి మన ఓదార్పుకై చేసిన ఏర్పాటును బయటి వస్తువు ఆక్రమిస్తున్నదన్నమాట.

ఇట్టి దాడి నిత్యం జరిగితే మెదడు ఊరుకొనదు. ప్రతిగా తన గ్రాహకాలను తగ్గించుకొంటుంది. వ్యతిరేక శక్తులను మేల్కొలుపుతుంది. ఉర్దూలో ఎక్కే మత్తును 'నషా' అనీ, దిగేటప్పటి అలసటను, వెలితిని 'ఖుమార్' అనీ అంటారు. మొదటి దినాలలో నషా ఎక్కువ, ఖుమార్ తక్కువ. నెలలు గడచేకొద్దీ నషా కురచబడి ఖుమార్ నిడివి పెరుగుతుంది. చివరకు మనిషి ఆనందానికై కాక, ఆ వెలితిని పూడ్చుటకై సేవిస్తాడు. అప్పుడు తల్లి పిలుపు, మిత్రుని హాస్యం, చక్కని పద్యం, ఏదీ మనస్సును తాకదు. స్వల్పమైన సంతోషాలను గుర్తించే శక్తి మొద్దుబారుతుంది.

ఒత్తిడి చేసే పని

ఇక దుఃఖం సంగతి. 1936లో అదే మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో హాన్స్ సెల్యే ఒక విశేషాన్ని ప్రకటించాడు. చలి, గాయం, విషం, ఏది బాధించినా శరీరం ఒకే తీరున ప్రతిస్పందిస్తున్నది. దీనినే తరువాత 'స్ట్రెస్', అనగా ఒత్తిడి, అన్నారు. హైపోథాలమస్ పిట్యూటరీ గ్రంథికీ, అది మూత్రపిండాలపైనున్న అడ్రినల్ గ్రంథులకూ కబురంపగా కార్టిసాల్ రక్తంలో ప్రవేశిస్తుంది. ఆపద కొద్దిసేపటిదైతే ఇది రక్షణ. పరీక్ష ముందు గుండె కొట్టుకొనుట దోషం కాదు. కాని అప్పు, అవమానం, ఇంటి రోగం నెలల తరబడి వదలకపోతే ఆ రక్షణయే భారమవుతుంది. నిద్ర చెడుతుంది, ఆలోచనను నిగ్రహించే ముందుమెదడు బలహీనపడి, భయాన్ని గ్రహించే అమిగ్డలా పైచేయి సాధిస్తుంది.

విచిత్రమేమనగా, మత్తు దిగేటప్పుడు అమిగ్డలా ప్రాంతంలో పెల్లుబికేది కూడా ఒత్తిడికి సంబంధించిన రసాయనమే. జార్జ్ కూబ్ మొదలగువారు దీనిని విపులంగా పరిశోధించారు. అనగా దుఃఖం మాపుటకు తీసుకొన్న మందు, దిగుతూ దుఃఖాన్నే తయారుచేసి పోతున్నది. 1995లో మరల మాంట్రియల్‌లోనే షాహమ్, స్టీవర్ట్ అనే పరిశోధకులు, హెరాయిన్ మానిన ఎలుకలకు స్వల్పమైన విద్యుదాఘాతంతో బాధ కలిగించారు. అవి మరల పాత మీట వద్దకు పోయినవి. మానినవాడు మరల ఎందుకు జారుతాడన్న ప్రశ్నకు సమాధానంలో కొంత ఇక్కడ ఉన్నది.

పరిసరాల ప్రభావం

రంజాన్ మాసంలో మేము ఏటా చూచే దృశ్యం ఒకటున్నది. దినమంతా ధూమపానం జోలికి పోక ఉపవాసమున్న వ్యక్తి, ఇఫ్తార్ వేళ సమీపించగానే జేబు తడుముకొంటాడు. అంతవరకూ లేని తహతహ ఆ క్షణంలో ఎక్కడిది? 2010లో వెలువడిన ఒక పరిశోధనలో, ధూమపానం అలవాటున్న విమాన సిబ్బందికి తహతహ గడచిన గంటలను బట్టి కాక, విమానం దిగే వేళను బట్టి పెరిగినదని తేలినది. నిరీక్షణయే కోరికను రేపుతున్నది. షుల్ట్జ్ కోతులకు వెలిగిన దీపమే వీరికీ వెలుగుతున్నది.

పరిసరాలు మారితే ఆ దీపాలు మారుతాయి. వియత్నాం యుద్ధానికి పోయిన అమెరికా సైనికులలో సుమారు ఐదవ వంతు అక్కడ హెరాయిన్‌కు బానిసలైనట్లు లీ రాబిన్స్ 1970లలో జరిపిన పరిశోధన తెలిపినది. స్వదేశానికి వచ్చిన మొదటి సంవత్సరంలో వారిలో మరల బానిసలైనవారు నూటికి 5 మంది మాత్రమే. యుద్ధభయం, సులభంగా దొరికే మందు, రెండూ వెనుకబడినవి.

మన ఆంధ్రదేశంలో 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణాన్ని మూయించినపుడు గ్రహించిన సత్యం కూడా ఇదే: మగనికి నీతి చెబితే చాలదు, దారిలోని దుకాణం పోవాలి. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చినవి. 1997లో రెండవది సడలినది. అయితే సరకు మాయమైనంత మాత్రాన శరీరం ఊరుకొనదు. అల్ప్రజోలం వంటి నిద్రమందులు కలిపిన కల్తీ కల్లుకు అలవాటుపడినవారు తెలంగాణ జిల్లాలలో అది ఒక్కసారిగా దొరకని దినాలలో వణుకు, నిద్రలేమి, మూర్ఛ, మతిభ్రమలతో ఆసుపత్రుల పాలైనారు. కావున మద్యాన్ని, నిద్రమాత్రలను చిరకాలంగా వాడినవారు అకస్మాత్తుగా మానరాదు. వైద్యుని పర్యవేక్షణలోనే మానాలి.

చివరి మాట

మెదడు దెబ్బతినుట ఎంత సత్యమో, కోలుకొనుట అంత సత్యం. మెథాంఫెటమిన్ మానినవారిలో ఏడాదికి పైగా గడచిన పిదప డోపమిన్ ఏర్పాట్లు కొంతవరకు పునరుద్ధరింపబడినట్లు నోరా వోల్కో 2001లో ప్రకటించిన పరిశోధన తెలుపుతున్నది. ఏడాది అనే మాట గమనార్హం. పది దినాలలో సంతోషం తిరిగి రాలేదని నిస్పృహ చెందేవారు ఎందరో. ఆ ఏడాది పొడవునా వారికి నిద్ర, పని, తోడు కావాలి, వైద్యం కావాలి. మత్తు మానదలచినవారికి 14446, మానసిక వేదనలో ఉన్నవారికి 14416 అనే ప్రభుత్వ సహాయవాణులున్నవి.

మేము చివరకు ఆ విద్యార్థి ఇంటికి పోయాము. ఈసారి ఉపన్యాసం ఇవ్వలేదు. అతని తండ్రి ఆరోగ్యాన్ని అడిగి, అప్పు సంగతి అడిగి, వైద్యుని వద్దకు వెంట పోయాము. అతడు ఒకసారి కోలుకొని, ఒకసారి జారి, మరల కోలుకొన్నాడు. మొన్న ఒక సీసపద్యం తెచ్చి చూపాడు. మూడవ పాదంలో యతి తప్పినది. చెప్పగా నవ్వాడు. ఆ నవ్వును చూచి మాకు కలిగిన సంతోషం ఇంతింతని చెప్పలేము.

విద్యార్థి మిత్రులారా! మీ పక్కన కూర్చొనే వాని వ్యసనాన్ని మీరు గమనించినపుడు, ఆ మాటకు గల రెండవ అర్థంతో తీర్పు చెప్పకముందు, మొదటి అర్థంతో అతనిని ఒక్కసారి పలకరించండి.