ఒక హారన్ ఓడెన్‌కి... రెండు హారన్లు డ్యురాంట్‌కి!

ఆడేది వాళ్లు కాదు. ఆటగాణ్ని ఎంచుకునేదీ వాళ్లు కాదు. అయినా ఏటా జూన్ వచ్చిందంటే చాలు... 'మన టీముకి ఎవర్ని తీసుకోవాలి' అంటూ అమెరికాలో బాస్కెట్‌బాల్ అభిమానులు వారాల తరబడి వాదించుకుంటారు. 2007లో పోర్ట్‌లాండ్ నగరంలో మొదలైన అలాంటి వాదన ఒకటి ఇప్పటికీ చల్లారలేదు!

లారీ వెనకాల 'హారన్ ప్లీజ్' అని రాసి ఉండటం మనకు మామూలే. అమెరికాలో అలా కాదు. కారణం లేకుండా హారన్ కొడితే ఎదుటివాణ్ని తిట్టినట్టే లెక్క. అలాంటి దేశంలో, 2007లో, ఆరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్‌లో ఒక హోర్డింగ్ వెలిసింది. ఓడెన్ కావాలనుకుంటే ఒకసారి హారన్ కొట్టండి, డ్యురాంట్ కావాలనుకుంటే రెండుసార్లు కొట్టండి... అని!

అవేం ఎన్నికలు కాదు. గ్రెగ్ ఓడెన్, కెవిన్ డ్యురాంట్ రాజకీయ నాయకులూ కాదు. కాలేజీలో ఒక్క ఏడాది చదివి, బాస్కెట్‌బాల్‌లో దేశం మొత్తాన్నీ తమవైపు తిప్పుకున్న కుర్రాళ్లు. ఒకరికి 19 ఏళ్లు, మరొకరికి ఇంకా 18. ఆ ఊరి జట్టు పోర్ట్‌లాండ్ ట్రయల్ బ్లేజర్స్‌కి ఇద్దరిలో ఎవర్నయినా ఎంచుకునే అవకాశం వచ్చింది. ఒక్కర్నే!

ఆఖరి ర్యాంకుకి మొదటి సీటు

ఈ గొడవేంటో అర్థం కావాలంటే 'డ్రాఫ్ట్' అంటే తెలియాలి. ఇప్పుడు ఈఏపీసెట్‌గా పేరు మారిన మన ఎంసెట్ కౌన్సెలింగ్‌ను గుర్తుచేసుకోండి. మొదటి ర్యాంకువాడు నచ్చిన కాలేజీలో నచ్చిన సీటు తీసుకుంటాడు, ఆఖరి ర్యాంకులవాళ్లు మిగిలినదాంతో సరిపెట్టుకుంటారు. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో వ్యవహారం పూర్తిగా తలకిందులు. కిందటి సీజన్లో బాగా ఓడినవాళ్లే కొత్త కుర్రాళ్లను ఎంచుకోవడానికి ముందు వరసలో నిలబడతారు. ఐపీఎల్ వేలంలాగా డబ్బు కుమ్మరించి కొనుక్కోవడం కుదరదు. వంతు వచ్చినప్పుడు పేరు చెప్పాలి, అంతే. బలహీనులు ఎప్పటికీ బలహీనులుగానే మిగిలిపోకూడదన్నది ఉద్దేశం.

'అలాగైతే కావాలనే ఓడిపోతే పోలా' అంటారా? ఆ అనుమానం వాళ్లకూ వచ్చింది. అందుకే 1985లో లాటరీ ప్రవేశపెట్టారు. తర్వాత అది రూపం మార్చుకుంది. 14 బంతులు వేసి నాలుగింటిని బయటికి తీస్తారు. ఆ అంకెలతో వచ్చే వెయ్యి కూర్పుల్ని ముందే జట్లకు పంచుతారు. ఎక్కువ ఓడిన జట్టుకి ఎక్కువ వాటా. 2007 మే 22న జరిగిన లాటరీలో పోర్ట్‌లాండ్‌కి ఉన్నవి వెయ్యిలో 53 మాత్రమే. అయినా అదృష్టం వాళ్ల తలుపే తట్టింది. రెండో స్థానం పక్క రాష్ట్రంలోని సియాటెల్ సూపర్‌సోనిక్స్‌కి దక్కింది. అంటే పోర్ట్‌లాండ్ ఎవర్ని వదిలేస్తే వాళ్లు మూడు గంటల కారు ప్రయాణం దూరంలో ఉన్న ప్రత్యర్థి ఇంటికి వెళతారన్నమాట!

(మన దేశంలో పుట్టి డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటివాడు పంజాబ్‌లోని బల్లో కే గ్రామానికి చెందిన సత్నాంసింగ్. 2015లో డల్లాస్ జట్టు 52వ పేరుగా అతణ్ని పిలిచింది. కానీ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం రాలేదు.)

స్తంభమా... సంపెంగ తీగా?

ఓడెన్ ఏడడుగుల మనిషి. భారీ విగ్రహం. వయసు 19 అంటే నమ్మడం కష్టం, ముఖం చూస్తే ముప్పై దాటినట్టుండేవాడు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీ తరఫున ఆడాడు. కుడి మణికట్టుకి ఆపరేషన్ కావడంతో కొన్నాళ్లపాటు ఎడంచేత్తో ఫ్రీత్రోలు వేశాడు! అయినా జట్టుని జాతీయ కాలేజీ టోర్నీ ఫైనల్ దాకా తీసుకెళ్లాడు. ఫైనల్లో ఒహాయో ఓడిపోయినా అతను మాత్రం 25 పాయింట్లు చేశాడు, 12 రీబౌండ్లు పట్టాడు.

డ్యురాంట్ అతనికి పూర్తిగా భిన్నం. సన్నగా రివటలా ఉండేవాడు, చేతులు మాత్రం చాలా పొడుగు. టెక్సాస్ యూనివర్సిటీలో మ్యాచ్‌కి సగటున 25.8 పాయింట్లు చేశాడు. మొదటి ఏడాది విద్యార్థిగా ఉండగానే దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడి అవార్డులు ఎత్తుకెళ్లాడు. అంతకుముందు ఫ్రెష్‌మన్ ఎవరూ ఆ పని చేయలేదు. అయితే డ్రాఫ్ట్‌కి ముందు జరిపే శారీరక పరీక్షల్లో 185 పౌండ్ల, అంటే దాదాపు 84 కిలోల బరువుని ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడు.

ఇక చూడండి, రెండు పక్షాల వాదోపవాదాలు! 'ఆ జీరో చూశావా, ఇలాంటివాణ్ని ఎన్‌బీఏలో నలిపేస్తారు' అని ఓడెన్ పక్షం. 'మ్యాచ్‌లో బంతి విసరాలి కానీ బస్తాలు మొయ్యాలా' అని డ్యురాంట్ పక్షం.

ఓడెన్ పక్షంవాళ్ల దగ్గర చరిత్ర కూడా ఉంది. బుట్ట కింద నిలబడే పొడగరిని 'సెంటర్' అంటారు. మంచి సెంటర్ దొరికితే ఇంటికి మధ్యస్తంభం దొరికినట్టే అన్నది ఆ రోజుల్లో బాస్కెట్‌బాల్ పెద్దల నమ్మకం. బిల్ రసెల్, కరీం అబ్దుల్ జబ్బార్, షకీల్ ఓనీల్... కప్పులు గెలిచిన జట్లను చూస్తే అది నిజమేననిపిస్తుంది. పైగా ఈ చర్చ నడుస్తుండగానే, అదే జూన్‌లో శాన్ ఆంటోనియో జట్టు ఛాంపియన్ అయింది. ఆ జట్టుకి మూలస్తంభం 1997లో మొదటి పేరుగా తీసుకున్న పొడగరి టిమ్ డంకన్. పోర్ట్‌లాండ్‌కి కూడా 1977లో వచ్చిన ఒకే ఒక్క కప్పు మరో సెంటర్ బిల్ వాల్టన్ పుణ్యమే. జట్టు అవసరం కూడా అదే చెబుతోంది. అప్పటికే బ్రాండన్ రాయ్, లామార్కస్ ఆల్డ్రిడ్జ్ అనే ఇద్దరు మెరికల్లాంటి కుర్రాళ్లున్నారు. లోటల్లా బుట్ట కింద పెద్దదిక్కే.

'అవసరం సంగతి తర్వాత, ప్రతిభ ఎవరిది ఎక్కువో అది చూడండి' అన్నది డ్యురాంట్ పక్షం మాట. అంతటితో ఊరుకోలేదు. ఆ ఊళ్లో ఎవరూ వినడానికి ఇష్టపడని ఓ పేరును వాళ్లు బయటికి తీశారు... శామ్ బౌవీ!

మానని పుండు

1984. అప్పటికి లాటరీ లేదు. మొదటి స్థానం ఎవరిదో బొమ్మా బొరుసా వేసి తేల్చేవారు. ఇండియానా జట్టుతో అంతకుముందు చేసుకున్న మార్పిడి వల్ల పోర్ట్‌లాండ్‌ కూడా ఆ పందెంలో ఉంది. కానీ ఓడిపోయింది. హ్యూస్టన్ మొదట హకీం ఒలాజువాన్‌ను తీసుకెళ్లిపోయింది. రెండో వంతు పోర్ట్‌లాండ్‌ది. జట్టులో క్లైడ్ డ్రెక్స్‌లర్ అనే మేటి గార్డ్ అప్పటికే ఉన్నాడు. ఇంకో గార్డ్ ఎందుకు, మనకు కావాల్సింది సెంటర్ కదా అనుకుని కెంటకీ యూనివర్సిటీకి చెందిన ఏడడుగుల బౌవీ పేరు చెప్పింది. వాళ్లు వద్దనుకున్న 'ఇంకో గార్డ్'ను మూడో వంతులో షికాగో తీసుకుంది. అతని పేరు మైకేల్ జోర్డాన్!

జోర్డాన్ షికాగోకి ఆరు కప్పులు తెచ్చాడు. అందులో ఒకటి 1992లో ఫైనల్లో పోర్ట్‌లాండ్‌నే ఓడించి గెలిచింది. పుండు మీద కారం చల్లడమంటే అదే. బౌవీ కాలి ఎముక విరిగి కాలేజీలోనే రెండు సీజన్లు ఆటకు దూరమైనవాడు. పోర్ట్‌లాండ్‌లో ఐదేళ్లున్నాడు కానీ మళ్లీ మళ్లీ విరిగిన కాళ్లతో 139 మ్యాచ్‌లు మాత్రమే ఆడగలిగాడు.

ఈ కథకు 2012లో ఓ కొసమెరుపు దొరికింది. తన మీద తీసిన డాక్యుమెంటరీలో బౌవీ ఒక సంగతి బయటపెట్టాడు. డ్రాఫ్ట్ ముందు పోర్ట్‌లాండ్ డాక్టర్లు చిన్న సుత్తితో కాలి మీద తట్టి నొప్పి ఉందా అని అడిగితే లేదన్నాడట. నిజానికి లోపల నొప్పిగానే ఉందట. ఇంట్లోవాళ్లకు అవసరాలున్నప్పుడు ఎవరైనా అదే చేస్తారు కదా అన్నది అతని సమాధానం. సంబంధం తప్పిపోతుందేమోనని ఆయాసం దాచిపెట్టే పెళ్లికొడుకుల్ని చూసినవాళ్లం, అతణ్ని తిట్టడానికి మనకు నోరు రాదు.

ఇంత వెనకటి కథ ఉంది కాబట్టే 2007 నాటి వాదన ఉత్త లెక్కల వాదన కాదు. 'మళ్లీ సెంటర్ కోసం వెళ్లి మళ్లీ మోసపోతామా' అన్న భయం ఒకవైపు. 'ఒకసారి కాలు జారిందని జన్మంతా ఆ దారిన నడవకూడదా' అన్న పంతం మరోవైపు. ప్రొఫెషనల్ లీగుల్లో అప్పటికి ఆ ఊరికున్న పెద్ద జట్టు అదొక్కటే మరి! అది గెలిస్తే ఊరు గెలిచినట్టు, ఓడితే ఊరు ఓడినట్టు. అభిమాని బాధంతా ఇక్కడే ఉంది. పేరు చెప్పే అధికారం మేనేజర్‌ది. తప్పయితే అతనికి ఉద్యోగం పోతుంది, ఇంకో ఊళ్లో ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. అభిమానికి మాత్రం ఇంకో జట్టు దొరకదు.

ఒక సీజన్‌కి సరిపడా

జూన్ 28న న్యూయార్క్‌లో పోర్ట్‌లాండ్ ఓడెన్ పేరు చెప్పింది. దేశంలోని నిపుణుల్లో ఎక్కువమంది మాట కూడా అదే. ఊరి నడిబొడ్డున ఉన్న పయనీర్ కోర్ట్‌హౌస్ స్క్వేర్‌లో అభిమానులు అతనికి ఘనస్వాగతం పలికారు. సియాటెల్ డ్యురాంట్‌ను తీసుకుంది.

సెప్టెంబర్‌లో పిడుగు పడింది. ఓడెన్ కుడి మోకాలికి ఆపరేషన్. ఎముకకు సన్నటి రంధ్రాలు పెట్టి, అరిగిన చోట మృదులాస్థి మళ్లీ పెరిగేలా చేసే చికిత్స అది. ఒక్క మ్యాచ్ ఆడకుండానే మొదటి సీజన్ మొత్తం పోయింది. మరుసటి ఏడాది 61 మ్యాచ్‌లు ఆడాడు. 2009 డిసెంబర్ 5న సొంతూరి ప్రేక్షకుల ముందే ఎడమ మోకాలి చిప్ప పగిలింది. స్ట్రెచర్ మీద తీసుకెళుతుంటే స్టేడియం అంతా మూగబోయింది. ఆ తర్వాత పోర్ట్‌లాండ్ తరఫున అతను మళ్లీ ఆడలేదు. ఎడమ మోకాలికి అదే రకం ఆపరేషన్ మరో రెండుసార్లు చేశారు. మొత్తం కలిపి అతను ఆ జట్టుకి ఆడింది 82 మ్యాచ్‌లు. ఎన్‌బీఏలో ఒక జట్టు ఒక సీజన్లో ఆడే మ్యాచ్‌లు సరిగ్గా అన్నే!

డ్యురాంట్ సంగతి చెప్పక్కర్లేదు. 2008లో ఉత్తమ కొత్త ఆటగాడు, 2014లో లీగ్‌లోనే అత్యుత్తమ ఆటగాడు, 2017లోనూ 2018లోనూ గోల్డెన్ స్టేట్ జట్టుతో ఛాంపియన్.

'చూశారా, రెండు హారన్లు కొట్టినవాళ్లదే నిజమైంది' అనిపిస్తుంది కదూ. నా మటుకు నాకు 1984నీ 2007నీ ఒకే గాటన కట్టడం అన్యాయమనిపిస్తుంది. బౌవీ కాలు అందరికీ తెలిసిన కాలు. తెలిసి తెలిసి చేసిన సాహసం అది. ఓడెన్ మోకాలు డ్రాఫ్ట్ ముందు తీసిన స్కానింగుల్లో బాగానే ఉందని జట్టు చెప్పింది. ఆ రోజు ఆ కుర్చీలో ఇంకెవరున్నా చాలావరకు ఆ పేరే చెప్పి ఉండేవాళ్లు. డ్యురాంట్ కావాలన్నవాళ్లు కూడా మోకాలు విరుగుతుందని చెప్పి వాదించలేదు కదా! బ్రాండన్ రాయ్ సంగతే చూడండి. అతని విషయంలో ఎవరికీ ఏ పేచీ లేదు, కానీ మోకాళ్లు సహకరించక 2011 డిసెంబర్‌లోనే అతనూ రిటైర్మెంట్ ప్రకటించాల్సి వచ్చింది.

ఇంకా తమాషా ఏంటంటే... డ్యురాంట్ దక్కిన సియాటెల్ అభిమానులు ఎంతకాలం సంతోషించారో తెలుసా? ఒక్క సీజన్! 1967 నుంచీ ఆ ఊళ్లో ఉన్న సూపర్‌సోనిక్స్ జట్టుని 2008లో యజమానులు ఓక్లహామా సిటీకి తరలించేశారు. జట్టు పేరు కూడా మారిపోయింది. సరైన ఆటగాడే దక్కాడు, మిగలాల్సిన జట్టే మిగల్లేదు. పోర్ట్‌లాండ్‌వాళ్లకు ఆటగాడు పోయాడు, కనీసం జట్టుంది. ఇద్దరిలో ఎవరు నయం అంటే చెప్పడం కష్టమే.

పోర్ట్‌లాండ్ శివారు హిల్స్‌బరోలో ఇంటెల్‌లో పనిచేసే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. మీ చుట్టాల్లో ఎవరైనా అక్కడుంటే 'ఓడెనా, డ్యురాంటా' అని ఆఫీసులో పాత ఉద్యోగుల్ని అడిగి చూడమనండి. ఆ పూట పని జరిగితే ఒట్టు!

ఓడెన్ 2013-14లో మయామీ జట్టుతో మళ్లీ ఆడటానికి ప్రయత్నించాడు. కుదర్లేదు. తాగుడుకి బానిసైన రోజులున్నాయని తనే చెప్పుకున్నాడు. ఎన్‌బీఏ చరిత్రలోనే పెద్ద వైఫల్యంగా తనను గుర్తుపెట్టుకుంటారని 2016లో నిష్ఠూరం లేకుండా అన్నాడు. తర్వాత ఒహాయో స్టేట్‌కి తిరిగి వెళ్లి, మధ్యలో వదిలేసిన చదువును 2019లో పూర్తిచేశాడు. కాలేజీ బాస్కెట్‌బాల్ జట్ల దగ్గరే పనిచేశాడు.

పోర్ట్‌లాండ్ అతణ్ని వదులుకున్నది 2012 మార్చి 15న. అదే రోజు ఆ జట్టు గెరాల్డ్ వాలెస్ అనే ఆటగాణ్ని న్యూజెర్సీకి ఇచ్చి, బదులుగా వాళ్ల డ్రాఫ్ట్ వంతు ఒకటి తీసుకుంది. ఓడెన్ వెళ్లిపోతున్నాడన్న బాధలో దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. జూన్‌లో ఆ వంతు ఆరో స్థానంగా తేలింది. పెద్దగా పేరులేని వీబర్ స్టేట్ అనే కాలేజీ నుంచి ఒక గార్డ్‌ను తీసుకున్నారు. ఈసారి హోర్డింగుల్లేవు, హారన్లు లేవు. ఆ కుర్రాడి పేరు డేమియన్ లిల్లార్డ్. 2022లో అతను క్లైడ్ డ్రెక్స్‌లర్‌ను దాటి, పోర్ట్‌లాండ్ చరిత్రలోనే అత్యధిక పాయింట్లు చేసిన ఆటగాడయ్యాడు.