పసికందుకు తేనె వలదు

భద్రాచలం మన్యమున తేనెకు కొదవ లేదు. చర్ల, దుమ్ముగూడెం అడవులలో కోయలు సేకరించు తేనె పెక్కు మందులకు అనుపానము. అయినను అప్పుడే పుట్టిన శిశువుకు దానిని నాకించరాదు.

తల్లికి మూడు, నాలుగు రాత్రుల పిమ్మటగాని పాలు పడవనియు, అంతవరకు తేనె, నేయి ఇవ్వవలెననియు సుశ్రుతుడు చెప్పిన మాట వాస్తవమే. ఆయుర్వేదాభిమానులమైనను ఇచ్చట మనము నేటి విజ్ఞానమునే అనుసరింపవలెను. తేనెలో ఉండగల బొట్యులిజమ్ సూక్ష్మజీవి బీజములు పసిపేగులలో మొలకెత్తి, విషము పుట్టించి, కండరములను చచ్చుబడజేయగలవు. మామూలుగా కాచినంత మాత్రమున అవి నశింపవు. కనుక ఏడాది నిండువరకు తేనె వలదు.

కొందరు పిండి పారవేయు చిక్కని ముర్రుపాలే శిశువుకు తొలి రక్ష. కాన్పు అయిన గంటలోపలనే పట్టించవలెను. ఆరు నెలలు తల్లిపాలే చాలును, నీరు సైతము అక్కరలేదు. సూతికాకాలము నెలన్నర, పథ్యము పేరిట బాలింతను పస్తుంచక రాగిజావ, పప్పు, మునగాకు కడుపునిండ పెట్టుడు.

బిడ్డ పాలు త్రాగక, ఏడ్పు సన్నగిల్లి, మెడ వాల్చినచో వాగులు పొంగు కాలమైనను ఆలసింపక ఆసుపత్రికి చేర్చుడు.