ముగ్గురాయి ధూళి – పత్రరంధ్రాల సంకేత వ్యవస్థ

మంగంపేట గనుల సమీపాన మామిడి, బొప్పాయి ఆకులపై ముగ్గురాయి ధూళి పేరుకొని చెట్టు వాడితే, దోషాన్ని బేరియం విషప్రభావానికి ఆపాదించడం తేలిక. ఆ నిర్ధారణకు ముందు పత్రరంధ్రం ఎలా మూసుకొంటుందో పరిశీలించవలసి ఉంటుంది.

నీటి ఎద్దడిలో మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం పెరుగుతుంది. 2009లో వెలుగుచూసిన పైర్ గ్రాహక ప్రోటీన్లు దీనిని గ్రహించి పీపీ2సీ ఫాస్ఫటేజులను నిరోధిస్తాయి. అంతవరకు అణగి ఉన్న స్నార్క్2 కైనేజులు అప్పుడు చైతన్యం పొంది, రక్షక కణపు పొరలోని స్లాక్1 మార్గాన్ని తెరుస్తాయి. రుణ అయాన్లు, వాటి వెంట పొటాషియం వెలుపలికి పోగా కణం బిగువు తగ్గి, నిమిషాలలో రంధ్రం మూసుకొంటుంది. అవే కైనేజులు కేంద్రకంలో ఏబీఎఫ్ అనులేఖన కారకాల ద్వారా ఎద్దడిని తట్టుకొనే జన్యువులను వ్యక్తపరుస్తాయి. ఈ రెండవ పని నిదానంగా సాగుతుంది.

బేరియం అయాన్ పరిమాణంలో పొటాషియానికి దగ్గర. పొటాషియం మార్గంలో చిక్కి దానిని అడ్డగిస్తుంది. రంధ్రం తెరుచుకోదు. కానీ ముగ్గురాయి బేరియం సల్ఫేట్. లీటరు నీటిలో కరిగేది సుమారు 2.5 మిల్లీగ్రాములే. వేరుశనగకు వేసే జిప్సం ఆ కరుగుదలను మరింత తగ్గిస్తుంది. నీరు నిలిచిన వరిమడి సంగతి వేరు: గాలి అందని చోట సల్ఫేట్‌ను క్షయకరించే బాక్టీరియా బేరియాన్ని విడిపించగలవు.

కనుక మెట్టతోటలో మొదటి అనుమానం ధూళి పొరపైనే ఉండాలి. ఒకే చెట్టుపై కడిగిన, కడగని ఆకులను ఉదయం పోరోమీటరుతో పోల్చవచ్చు. కడిగినా రంధ్రవాహకత పెరగకపోతే నేల తేమను చూడాలి.