హాస్టల్ లేదంటే... తనే పెట్టేశారు!

'ఎగ్జిక్యూటివ్' అనగానే మనకేం గుర్తొస్తుంది? ఏసీ గది, తిరిగే కుర్చీ, బల్లమీద రెండు ఫోన్లు! హోదా సంగతి సరే, అసలు ఆ పనేమిటి? నలుగురిని కూడగట్టడం, పైసాపైసాకీ లెక్క చెప్పడం, తను లేకపోయినా నడిచేలా సంస్థను నిలబెట్టడం. ఇవన్నీ ఏ కంపెనీ కుర్చీలోనూ కూర్చోకుండానే చేసి చూపించారు మన రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్. స్వాతంత్య్ర సమరయోధురాలిగా ఆమె మనకు తెలుసు. కార్యదక్షురాలిగా తెలిసింది తక్కువే!

టికెట్టేదీ?

1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదో ఏటే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం తనకొద్దని చెప్పేశారామె.

1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు. ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర ఆమె వాలంటీరు. టికెట్ లేనిదే ఎవరినీ పంపొద్దన్నారు పెద్దలు. వచ్చింది సాక్షాత్తూ నెహ్రూ! అయినా ఆపేశారు. నిర్వాహకులు టికెట్ కొన్నాకే లోపలికి వదిలారు. చిన్నాపెద్దా అందరికీ ఒకటే రూలన్నమాట. అప్పటికామెకు పద్నాలుగేళ్లే!

పేపర్లో ప్రకటన

ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లినప్పుడు, తెలియనితనం వల్ల శిక్షలు అనుభవిస్తున్న ఆడవాళ్లను చూశారు. చదువుంటే వీళ్లకిలా జరిగేదా అనిపించింది. బయటికొచ్చాక మళ్లీ పుస్తకం పట్టారు. బెనారస్ మెట్రిక్ ప్రైవేటుగా కట్టి పాసయ్యారు. తర్వాత డిగ్రీకి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళితే, ఆడపిల్లలకు హాస్టల్ లేదు, సీటివ్వలేమన్నారు. మనమైతే ఇంటిదారి పట్టేవాళ్లమేమో! ఆమె పత్రికలో ప్రకటన వేయించారు. హాస్టల్ లేక చదువు ఆగిన అమ్మాయిలు తనకు రాయమని. అలా ఓ పదిమందిని పోగుచేసి, వసతి తనే ఏర్పాటు చేశారు. సీటు రాక తప్పిందా! 1942లో మద్రాసులో లా కూడా పూర్తిచేశారు.

తనకు దొరికింది అందరికీ

చుట్టుపక్కల అమ్మాయిలకు మెట్రిక్ పాఠాలు చెప్పడంతో మొదలైన పని 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ అయింది. భర్త పోయినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు, బడి ముఖం చూడనివాళ్లు... అందరికీ అక్కడ చోటుంది. చిన్ననాడు తనకు కట్టబెట్టిన భర్త తర్వాత మరొకామెను పెళ్లాడారు. ఆయన పోయాక ఆదరణ లేక ఆమె వస్తే, దుర్గాబాయి చేరదీశారు. చేతిపనులు నేర్పించి, తన కాళ్లమీద తను నిలబడేలా చేశారు. ఆ స్థానంలో మనముంటే? ఒక్కసారి గుండెమీద చెయ్యేసుకోండి!

రాజ్యాంగ సభలో, ప్రణాళికా సంఘంలో పనిచేసిన అనుభవంతో 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. ఊరూరా సేవచేసే సంస్థలకు ప్రభుత్వ సొమ్ము చేర్చే పని అది. చదువు మధ్యలో ఆగిన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్షలకు కూర్చునేలా ఆ బోర్డు 1958లో ప్రత్యేక కోర్సులు మొదలుపెట్టింది. తను ప్రైవేటుగా కట్టిన మెట్రిక్కే దేశమంతటి ఆడవాళ్లకూ దారి అయిందన్నమాట!

1975లో పద్మవిభూషణ్ అందుకున్న ఆమె 1981 మే 9న కన్నుమూశారు. ఆంధ్ర మహిళా సభ మాత్రం ఆగలేదు. బడులు, కాలేజీలు, ఆస్పత్రులుగా విస్తరించింది.

మన వీధిలోనే పదో తరగతితో ఆగిపోయిన వదినలు, అక్కయ్యలు ఎంతమంది లేరు? 'ఇప్పుడేం చదువమ్మా, నవ్విపోతారు' అంటారు. ఈసారి ఆ మాట వినబడితే దుర్గాబాయి కథ చెప్పండి. కథతో ఆగకుండా, ఓపెన్ స్కూల్ దరఖాస్తు కూడా తెచ్చి చేతిలో పెట్టండి!