పెద్దల చూపు – తూలే నడక

పంట ఇంటికి చేరిన తరువాత పల్లెల నుండి పెద్దలు బిడ్డలను చూచుటకు హైదరాబాదు వచ్చుట ఇప్పుడు పరిపాటి అయినది. అమీర్‌పేట, ఎస్.ఆర్. నగర్ వీధులలో చదువులకై, ఉద్యోగములకై చేరిన రైతుబిడ్డలు వేలకొలది ఉన్నారు. 2017 నవంబరులో ప్రారంభమైన ఎస్.ఆర్. నగర్ మెట్రో స్టేషను మెట్ల వద్ద కొంచెము సేపు నిలిచి చూడుడు. వయసు మళ్ళినవారు ఎక్కునపుడు అంతగా తడబడరు. దిగునపుడు మాత్రము ప్రతి మెట్టు అంచును పాదముతో తడిమి చూచుకొందురు. మోకాళ్ళ నొప్పి కాబోలునని బిడ్డలు సరిపెట్టుకొందురు. కొందరిలో దోషము మోకాలిది కాదు, కంటిది.

మనిషి పడకుండ నిలుచుటకు మూడు ఆధారములు కలవు: కన్ను, చెవి లోపలి భాగము, పాదములలోను కీళ్ళలోను ఉండు స్పర్శ. వయసుతో కడపటి రెండును మందగించును. చక్కెర వ్యాధి ఉన్నవారికి అరికాలి స్పర్శ మరింత తగ్గును. అప్పుడు భారమంతయు కంటి మీద పడును. ఆ కంటికే శుక్లము, అనగా మన జిల్లాలలో కొందరు మోతిబిందు అనునది, అడ్డు వచ్చినచో ఆధారమేమున్నది? శుక్లము వచ్చిన కంటికి వెలుగునీడల తేడా సరిగా తెలియదు. మట్టి రంగు గట్టు పక్కన మట్టి రంగు బోదె కలిసిపోయి కనబడును. సంధ్యవేళ ఎదురుగా ట్రాక్టరు దీపము పడినచో కన్ను చెదరి, దారియే కనబడదు.

ఇది ఊహ కాదు. హైదరాబాదు ప్రాంతములోని 41 వృద్ధాశ్రమములలో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ వారు పెద్దల కండ్లను పరీక్షించిరి. ఏడాదిలో ఒకసారియైన పడినవారు 10 మందిలో సుమారు ముగ్గురు. చూపు తగ్గినవారిలో ఇది ఇంకను ఎక్కువ. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 70 ఏండ్లు దాటిన 306 మంది స్త్రీలను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు మొదటి కంటి శుక్లమును త్వరగా తీసి, రెండవ జట్టును మామూలు వరుసలో ఉంచిరి. 2005లో ప్రకటించిన ఫలితము ప్రకారము, త్వరగా ఆపరేషను జరిగినవారిలో పడుటలు మూడవ వంతు తగ్గినవి; ఎముకలు విరిగినవారు నూటికి 8 మందికి బదులు ముగ్గురే. తొంటి వద్ద ఎముక విరిగిన ముసలివారి ఇంట ఎన్ని నెలలు ఒక మనిషి పని ఆగునో రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు.

అయినను "శుక్లము ముదరనిమ్ము, చలికాలము రానిమ్ము" అను మాట పల్లెలలో ఇంకను వినబడుచున్నది. పూర్వము ఈ మాటకు అర్థముండెను. ఆనాడు లోపలి కటకమును తీసివేసి ఊరకుండెడివారు. రోగి దళసరి అద్దములు ధరింపవలసి వచ్చెడిది. వానిలో వస్తువులు నాలుగవ వంతుకు పైగా పెద్దవై, దగ్గరగా జరిగినట్లు తోచి, అడుగు ఎక్కడ పడునో తెలిసెడిది కాదు. ఇప్పుడు చిన్న కోతతో శుక్లము తీసి, ఆ చోటనే కృత్రిమ కటకము అమర్చుచున్నారు. ఋతువుతో పని లేదు. బాగుగా ముదిరిన శుక్లము తీయుట వైద్యునికే కష్టము.

ఒక కంటికి ఆపరేషనై, రెండవ కంటిలో మసక మిగిలిన కాలములో జాగ్రత్త కావలెను. రెండు కండ్ల చూపు పొసగక, లోతు అంచనా తప్పును. రెండవ కన్ను సంగతి వైద్యునితో ముందే మాట్లాడుకొనుట మేలు. ఆపరేషను తరువాత వైద్యుడు చెప్పిన గడువు వరకు నూర్పిడి దుమ్ములోనికి, చెరువు స్నానమునకు పోరాదు.

కొత్త కళ్ళద్దముల సంగతి కొంత వింతగా తోచవచ్చును. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో 616 మంది వృద్ధులపై జరిపి 2007లో ప్రకటించిన పరిశోధనలో, కండ్లు పరీక్షించి అవసరమైన అద్దములు ఇచ్చిన జట్టులోనే పడుటలు ఎక్కువైనవి! అద్దముల శక్తి ఒక్కసారిగా మారినచో కన్ను, కాలు పొసగుటకు కొన్ని దినములు పట్టును కాబోలు. కావున కొత్త అద్దములు మొదట ఇంటిలో, వాకిటిలో అలవాటు చేసుకొని, పిదప పొలమునకు పోవలెను. దగ్గర చూపుకు, దూరపు చూపుకు కలిపి ఒకే అద్దమున్నచో మెట్లు దిగునపుడు తల వంచి పై భాగము నుండియే చూడవలెను. క్రింది భాగములో మెట్టు అంచు మసకగా కనబడును.

గడప అంచుకు, మెట్ల అంచులకు తెల్ల సున్నపు పట్టీ వేయుటకు ఖర్చు లేదు. దొడ్డికి పోవు దారిలో రాత్రి ఒక దీపము వెలుగుచుండవలెను.

ఎస్.ఆర్. నగర్‌లో బిడ్డలున్నవారికి మెహదీపట్నములోని సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి, 1987 నుండి బంజారాహిల్స్‌లో ఉన్న ఎల్.వి. ప్రసాద్ సంస్థ దూరము కావు. నగరము రాలేనివారు తమ జిల్లా ప్రభుత్వాసుపత్రిలో విచారించవలెను. తెలంగాణలో కంటి వెలుగు శిబిరములు 2018లోను, 2023లోను ఊరూర జరిగినవి. ఆనాడు శుక్లమున్నదని చెప్పించుకొనియు, తోడు వచ్చువారు లేక ఆగిపోయినవారు మీ గ్రామములో ఉండవచ్చును. పంచాయతీ కార్యదర్శులు ఆశా కార్యకర్తలతో కూడి అట్టివారి పేర్లు వ్రాసికొని, నాట్లు మొదలు కాకముందే, ఒక్కొక్కరికి తోడుగా ఎవరు పోవుదురో ఇంటివారితో నిర్ణయింపజేయవలెను.