మీకు తెలుసా? బి సెక్షన్‌కి మారిన రోగి

పోటీ పరీక్షల ఫలితాలొచ్చిన రోజు టీవీ పెడితే చాలు, ‘‘ఒకటి, ఒకటి, రెండు, మూడు...’’ అంటూ ర్యాంకుల మోత. కాలేజీలో చేరిన రోజున ఆ పిల్లలకి ఎన్ని మార్కులుండేవని మాత్రం ఎవరూ అడగరు. ముదిరిన ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో వచ్చినవాళ్లలో ఇంత శాతం మా దగ్గర బతికారని ఏదైనా ఆస్పత్రి చెప్పినప్పుడు నాకు ఆ మోతే గుర్తొస్తుంది.

మీకు తెలుసా, ఒక్క రోగి ఒక్క రోజు కూడా ఎక్కువ బతక్కుండానే రెండు స్టేజీల్లోనూ సగటు ఆయుష్షు పెరిగిపోగలదు!

కాగితం మీద వేసి చూడండి. మూడో స్టేజిలో ముగ్గురున్నారు. బతికింది 26, 20, 8 నెలలు. సగటు 18. నాలుగో స్టేజిలోనూ ముగ్గురు. బతికింది 5, 4, 3 నెలలు. సగటు 4. ఇంతలో ఆస్పత్రికి పెట్ స్కాన్ వచ్చిందనుకుందాం. ఎనిమిది నెలలు బతకబోయే మనిషికి ఎముకలో చిన్న మచ్చ ఉన్నట్టు అందులో బయటపడింది. పాత పరీక్షలకి అది అందలేదు. వ్యాధి పాకిందని ఆయన్ని నాలుగో స్టేజిలో రాశారు. ఇప్పుడు మూడో స్టేజి సగటు 23కి ఎగబాకింది. నాలుగో స్టేజిదీ 5 అయింది. ఆరుగురినీ కలిపి చూస్తే అప్పుడూ 11 నెలలే, ఇప్పుడూ 11 నెలలే. ‘ఏ’ సెక్షన్‌లో ఆఖరివాణ్ణి ‘బి’ సెక్షన్‌లో పడేస్తే వాడక్కడ ఫస్టొస్తాడు, రెండు సెక్షన్ల సగటూ పెరుగుతుంది. ప్రిన్సిపాల్‌గారు ఆ సంవత్సరం సన్మానం చేయించుకోవచ్చు.

ఇది ఊహ కాదు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్వన్ ఫైన్‌స్టీన్ బృందం 1985లో పట్టుకున్నది ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగుల లెక్కల్లోనే. 1953–64 మధ్య వచ్చినవాళ్ల కంటే 1977లో వచ్చినవాళ్లు ప్రతి స్టేజిలోనూ మెరుగ్గా కనిపించారు. కొత్త స్కాన్లు వచ్చాక, పైకి లక్షణాలేవీ లేకుండా పాకిన క్యాన్సర్ బయటపడటంతో రోగులు కింది సెక్షన్‌కి మారారని, ఆ మెరుగుదలకి అదే కారణమని తేలింది. దీనికి వాళ్లు ‘విల్ రోజర్స్ ఫినామినన్’ అని పేరు పెట్టారు. రోజర్స్ డాక్టరు కాదు, సినిమాల్లో, రేడియోలో జనాన్ని నవ్వించిన మనిషి. ఓక్లహామా వాళ్లు కాలిఫోర్నియాకి వలసపోతే రెండు రాష్ట్రాల్లోనూ సగటు తెలివి పెరిగిందన్న జోకు ఆయన పేరు మీద చెలామణి అవుతోంది.

అందుకే వచ్చినవాళ్లందరికీ పెట్ స్కాన్ తీసే పెద్దాస్పత్రిని, ఎక్స్‌రే, సీటీతో సరిపెట్టుకునే జిల్లా ఆస్పత్రిని స్టేజిల వారీగా పక్కపక్కన పెట్టి చూస్తే, వైద్యం ఒకటే అయినా పెద్దాస్పత్రే గెలుస్తుంది.

మీకు తెలుసా, ఒకప్పుడు లండన్‌లోని 24 ఆస్పత్రుల్లో మరణాలు 90.84 శాతమని ఒక పుస్తకంలో అచ్చయింది! ఆ పుస్తకం రాసింది ఎవరో కాదు, ఫ్లారెన్స్ నైటింగేల్. 1863 నాటి మాట. అంకెలు అందించింది గణాంకవేత్త విలియం ఫార్. ఏడాది పొడవునా చనిపోయినవాళ్లని, ఒకే ఒక్క రోజున మంచాల మీద ఉన్నవాళ్ల సంఖ్యతో భాగించారు. ఏడాదిలో ఒక్కో మంచం మీద ఎంతమంది మారతారు? డాక్టర్లు మండిపడ్డారు, న్యాయంగానే. లవం సరిగ్గానే ఉంది, హారమే కొంప ముంచింది.

మీకు తెలుసా, నాలుగో స్టేజిలో ఉన్నవాళ్లంతా ఒక్కలాంటి రోగులు కారు. ఆస్పత్రిలోకి నడిచి వచ్చినవాడి భవిష్యత్తు వేరు, స్ట్రెచర్ మీద వచ్చినవాడిది వేరు. ఈ తేడాని డాక్టర్లు సున్నా నుంచి మొదలయ్యే ఈకాగ్ స్కోరుతో కొలుస్తారు. పైగా కణితిలో ఈజీఎఫ్ఆర్ జన్యుమార్పు ఉందో లేదో చూడాలి. పొగ తాగనివాళ్లలో, ఆడవాళ్లలో, ఆసియావాసుల్లో అది ఎక్కువగా కనిపిస్తుంది. అది ఉన్నవాళ్లు రోజుకో మాత్రతో నెట్టుకురాగలరు. అలాంటివాళ్లకి ఒసిమెర్టినిబ్ మాత్ర ఇచ్చిన ఒక పెద్ద ప్రయోగంలో సగం మంది 38.6 నెలలు దాటారు. బీడీలు కాల్చి కాల్చి ఊపిరాడని స్థితిలో వచ్చినవాళ్లే ఎక్కువగా చేరే ఆస్పత్రి ఈ అంకెతో ఎలా పోటీపడుతుంది?

ఇమ్యునోథెరపీ అంకెలకీ ఇదే వర్తిస్తుంది. కీనోట్-024 అనే ప్రయోగంలో ఆ మందు తీసుకున్నవాళ్లలో 31.9 శాతం మంది అయిదేళ్లకీ ఉన్నారు. కీమోతో మొదలుపెట్టినవాళ్లలో 16.3 శాతమే. తేడా నిజమైనదే, గొప్పదే. కానీ అందులో చేర్చుకున్నది తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లని, కణితి కణాల్లో కనీసం సగానికి పీడీ-ఎల్1 అనే ప్రొటీన్ ఉన్నవాళ్లని. మన వార్డులో ఉన్న పెదనాన్నకి ఆ 31.9 వర్తించాలంటే ముందు ఆ వడపోతలో ఆయన మిగలాలి.

మీకు తెలుసా, మన దగ్గర కొన్ని మరణాలు ఏ ఆస్పత్రి ఖాతాలోకీ రావు. ‘‘ఇంక ఇంటికి తీసుకెళ్లండి’’ అన్నాక అంబులెన్స్ మాట్లాడుకుని ఊరికి తెచ్చుకుంటాం. నాలుగు రోజులకి పోతారు. ఆ కబురు ఆస్పత్రికి ఎవరు చెబుతారు? అక్కడి ఫైల్లో ఆయన ‘మళ్లీ రాని రోగి’. గణాంకాల పద్ధతిలో అలాంటివాళ్లని కనిపించిన ఆఖరి రోజు వరకే లెక్కేస్తారు. ఆ తర్వాత వాళ్లకీ మిగతావాళ్లలాగే జరిగి ఉంటుందని అనుకుంటారు. నిజానికి రావడం మానేసినవాళ్లలో చాలామంది రాలేకే మానేసి ఉంటారు. కాబట్టి ఫోన్ చేసి, ఊళ్లో వాకబు చేసి కబురు తెలుసుకునే ఆస్పత్రి శాతం పడిపోతుంది, పట్టించుకోని ఆస్పత్రి శాతం నిలబడుతుంది. నన్నడిగితే, శాతం కంటే ముందు అడగాల్సింది ‘మళ్లీ రానివాళ్లు’ ఎంతమంది అని.

బ్రిటన్‌లో 2005 నుంచీ నడుస్తున్న ఊపిరితిత్తుల క్యాన్సర్ ఆడిట్‌లో వయసు, స్టేజి, రోగి పరిస్థితి వంటివన్నీ సరిచేశాకే ఆస్పత్రులని పోల్చి చూస్తారు. ఇంత తతంగం హోర్డింగ్ మీద పట్టదు.

మీకు తెలుసా, ఆయుష్షు తేడా మందుల సీసాలోనే ఉండదు. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో వ్యాధి పాకిన 151 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి మామూలు చికిత్స. రెండో జట్టుకి దానితోపాటు మొదటి నుంచే నొప్పి, ఆయాసం, దిగులు చూసే పాలియేటివ్ వైద్యం. 2010లో ఫలితాలొచ్చాయి. మొదటి జట్టు మధ్యగతం 8.9 నెలలు, రెండోది 11.6. పైగా ఆఖరి రోజుల్లో భారీ చికిత్సలు చేయించుకున్నది రెండో జట్టులోనే తక్కువ.

మీకు తెలుసా, తన ఆస్పత్రి తప్పుల్ని తనే అచ్చేసుకున్న సర్జన్ ఒకాయన ఉండేవాడు. పేరు ఎర్నెస్ట్ కాడ్‌మన్, ఊరు అదే బోస్టన్. ఇంటికి పంపిన ప్రతి రోగీ తర్వాత ఎలా ఉన్నాడో కనుక్కుని తీరాలని పట్టుబట్టాడు. ఆ పట్టుదలతో తోటి డాక్టర్లకి దూరమయ్యాడు. సొంతంగా పెట్టుకున్న చిన్న ఆస్పత్రి నుంచి 1911–16 మధ్య వెళ్లిన 337 మంది రోగుల లెక్కలో 123 పొరపాట్లు జరిగాయని రాసుకున్నాడు. 1940లో పోయాడు. ఆయన సమాధి మీద పేరు చెక్కిన రాయి వెలిసింది 2014లో.