మధుమేహము – స్త్రీలు సమాధానమీయవలసిన ప్రశ్నలు

అన్నము, రొట్టె, చక్కెర మున్నగువానియందలి పిండిపదార్థములు జీర్ణమై గ్లూకోజుగా మారి రక్తమున జేరును. క్లోమగ్రంథి నుండి పుట్టు ఇన్సులిన్ దానిని శరీరకణములకు అందించును. ఈ ఏర్పాటు సన్నగిల్లినప్పుడు గ్లూకోజు రక్తమునందే నిలిచిపోవును. ఆరంభదశలో బాధ యేమియు తోచదు. ఇంటిల్లిపాదికిని వండి వడ్డించి, తన ఆరోగ్యమును కడపట తలచు గృహిణి విషయమున ఈ వ్యాధి ఏండ్ల తరబడి బయటపడకుండుట కలదు.

భారత వైద్య పరిశోధనా మండలి సర్వే 2023లో వెలువడినది. దాని ప్రకారము దేశమున 10 కోట్లకు పైబడిన జనులకు మధుమేహము కలదు. 13 కోట్లకు పైబడినవారు దాని ముంగిట నున్నారు. వీరిలో ముందుగా ఎవరిని పరీక్షింపవలెనో తెలిసికొనుటకే ప్రశ్నావళి ఏర్పడినది.

నాలుగు ప్రశ్నలు

2005లో మద్రాసు పరిశోధకులు ప్రకటించిన పట్టికలో నాలుగే అంశములు గలవు: వయస్సు, నడుము కొలత, శరీరశ్రమ, తల్లిదండ్రుల మధుమేహము. మొత్తము 100 మార్కులు. 60గాని అంతకు మించిగాని వచ్చినచో అపాయము హెచ్చు. 42 ఏండ్ల స్త్రీకి వయస్సునకు 20, నడుము 86 సెంటీమీటర్లున్నందున 10, తల్లికి వ్యాధి యున్నందున 10, వ్యాయామము లేక కూర్చుండి పనిచేయుటచే 30, వెరసి 70 మార్కులగును. ఆమె జాగుచేయక రక్తపరీక్ష చేయించుకొనవలెను.

రాయపూరులో

ఛత్తీస్‌గఢ్‌లో ఆశా కార్యకర్తను ‘మితానిన్’ అందురు. చెలికత్తె యని దాని యర్థము. రాయపూరు వాడలలోను పరిసర గ్రామములలోను 30 ఏండ్లు దాటినవారి కొరకు ఉద్దేశింపబడిన ప్రభుత్వ ప్రశ్నాపత్రమును పూరించుట ఆమె విధులలో నొకటి. పొగాకు, మద్యము, శ్రమ, నడుము కొలత మొదలగునవి అందు అడుగబడును. మార్కులు 4 మించినవారిని ముందుగా పరీక్షకు పంపుదురు. వరినాట్ల కాలమున దినమంతయు వంగి పనిచేయు స్త్రీ వేసవిలో ఇంటిపట్టున నుండవచ్చును. కావున శ్రమను గూర్చి చెప్పునప్పుడు ఏడాది మొత్తమును తలచి చెప్పవలెను.

అడుగని ప్రశ్న

మద్రాసు పట్టికలో గర్భకాలపు మధుమేహమును గూర్చిన ప్రశ్న లేదు. వయస్సు తక్కువై, పొలము పనిచేయు యువతికి మార్కులు స్వల్పముగా రావచ్చును. కాని గర్భిణిగా నున్నప్పుడు చక్కెర హెచ్చియుండినచో ఆమెకు మున్ముందు అపాయము కలదు. అడుగకున్నను ఆ సంగతి తానై చెప్పవలెను. ప్రసవమైన 6 వారములకు పరీక్ష చేయించుకొని, పిదప ఏటేట చేయించుకొనుట మేలు.

ప్రశ్నావళి దారి చూపునే గాని తీర్పు చెప్పదు. 75 గ్రాముల గ్లూకోజు త్రాగిన 2 గంటలకు రక్తమున 200 మిల్లీగ్రాములు లేక అంతకు మించి యున్నచో మధుమేహము. 140 మొదలు 199 వరకు నున్నచో గ్లూకోజు అసహనము. ఈ రెండవ దశలో ఆశ హెచ్చు. ఆహార వ్యాయామముల మార్పుచే వ్యాధిలో దిగువారి సంఖ్య నూటికి సుమారు 28 వంతులు తగ్గినట్లు 2006లో ప్రకటింపబడిన భారతీయ పరిశోధన తెల్పినది.

అన్నమును మానవలసిన పనిలేదు. ఛత్తీస్‌గఢ్ వారి బోరేబాసి, మన చద్దన్నము వంటివి మితముగా తిని, పప్పు, ఆకుకూరలు హెచ్చించి, దినమునకు అరగంట నడువవలెను. మితానిన్ గడపలోనికి వచ్చినప్పుడు తీరిక లేదనక, దాచక సమాధానమిచ్చుట తన మేలుకును కుటుంబపు మేలుకును మొదటి మెట్టు.